మోటారు కొనేముందు డిక్కీ కీలు దగ్గర ఓసారి చూడమ్మా

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. కారు వెనక వైపర్ కదలడం మానేసిందని, మెకానిక్కు నిలబడ్డ చోటు నుంచే "మోటారు పోయింది మేడమ్, మార్చేద్దాం" అన్నాడని రాశావు. అతను చెప్పింది నిజమే కావచ్చు. కానీ డిక్కీ తలుపు లోపలి అట్ట ఊడదీసి చూడకుండా ఆ మాట ఎవరన్నా నేను నమ్మను. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అలాగే అన్నాను. పని నేర్చుకున్న కొత్తలో ఒకాయన కారుకి కొత్త మోటారు తెప్పించి బిగించాను. స్విచ్ వేస్తే అదీ తిరగలేదు. చివరికి చూస్తే డిక్కీ తలుపు కీలు దగ్గర ఒక వైరు తెగి ఉంది. పాత మోటారుకి తిన్నగా బ్యాటరీ కరెంటు ఇస్తే గిర్రున తిరిగింది. ఆయన ముఖం చూడలేక ఆ రోజు కూలి తీసుకోలేదు.

అందుకని నువ్వు ముందు చేయాల్సింది విప్పడం కాదు, వినడం. రేడియో, ఏసీ ఫ్యాను కట్టేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్‌లోకి తిప్పు. అద్దం మీద కాసిని నీళ్ళు చల్లి, ఒకరిని వెనక నిలబెట్టి వైపర్ స్విచ్ వేయి. లోపల గుయ్‌మన్న చప్పుడు వస్తోందా, ఏ అలికిడీ లేదా? సగం రోగం ఇక్కడే తేలిపోతుంది. డిక్కీ గట్టిగా మూసి ఉందో లేదో కూడా చూసుకో. డిక్కీ తెరిచి ఉంటే వెనక వైపర్‌ని తిరగనివ్వని కార్లు చాలా ఉన్నాయి. తాళం సగమే పడినా, లోపలి సెన్సరు పాడైనా, బండి మాత్రం తలుపు తెరిచే ఉందనుకుంటుంది. మీటర్ల దగ్గర తలుపు గుర్తు వెలుగుతుంటే ముందు దాని సంగతి చూడు.

ఇంకో చిట్కా ఉంది, ఇది నాకు చాలా ఇష్టం. ముందు వైపర్లు తిరుగుతుండగా రివర్స్ గేరు వేస్తే వెనక వైపర్ దానంతటదే ఒకసారి ఊగే కార్లు కొన్ని ఉన్నాయి. నీ కారు అలాంటిదే అయితే వేసి చూడు. రివర్స్‌లో ఊగి, స్విచ్ వేస్తే ఊగకపోతే మోటారు, ఫ్యూజు, ఎర్త్ (కరెంటు బండి రేకు గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) అన్నీ బాగున్నట్టే. తప్పు స్టీరింగ్ పక్కనున్న వైపర్ లివరులోనో దాని వైర్లలోనో ఉంది. అలా జరగడం అరుదు, కానీ జరిగితే నీకు డిక్కీ విప్పే పనే తప్పుతుంది.

చప్పుడు వస్తూ వైపర్ చెయ్యి, అంటే బ్లేడుని పట్టుకునే కడ్డీ, కదలకపోతే కరెంటు బాగానే ఉందని అర్థం. వైపర్ చెయ్యి మొదట్లో ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాన్ని పైకి లేపితే కింద నట్టు కనిపిస్తుంది. అది వదులైతే చెయ్యిని తిప్పే ఇరుసు ఒకటే తిరుగుతుంది, చెయ్యి అలాగే ఉండిపోతుంది. బిగిస్తే సరి. బిగించినా జారుతోందంటే లోపలి పళ్ళు అరిగాయన్నమాట, చెయ్యి మార్చాలి. నట్టు గట్టిగానే ఉండి మోటారు మూలుగుతోందంటే ఇరుసు తుప్పు పట్టి బిగుసుకుపోయిందనుకో. వెనక వైపర్ ఎప్పుడో గానీ వాడం. ఆ ఇరుసు తలుపులోంచి బయటికి వచ్చే చోట రబ్బరు వాషరు ఎండిపోతే నీళ్ళు లోపలికి దిగి, ఇరుసూ అది తిరిగే గూడూ తుప్పుతో అతుక్కుపోతాయి. అలాంటి దాన్ని స్విచ్ వేసి పదేపదే బలవంతపెట్టకు, మోటారు నిజంగానే కాలిపోతుంది. విప్పి, తుప్పు వదిలించే నూనె పట్టించి, ఇరుసు బయటికి తీసి సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, గ్రీజు పెట్టి, రబ్బరు వాషరు కొత్తది వేస్తే మళ్ళీ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది.

చెయ్యి ఊడదీసే ముందు బ్లేడు ఆగి ఉన్న చోట అద్దం మీద టేపు ముక్క అంటించు, బిగించేటప్పుడు అదే గుర్తు. చెయ్యి ఇరుసు మీద బిగిసి ఉంటే స్క్రూడ్రైవరు అద్దానికి ఆనించి మాత్రం ఎత్తవద్దు. వెనక అద్దం పగిలిందంటే పగులుతో ఆగదు, అంతా గులకరాళ్ళలా రాలిపోతుంది. చిన్న పుల్లరు దొరుకుతుంది, దానితో లాగు.

ఏ అలికిడీ లేకపోతే ముందు ఫ్యూజు. మూత మీదో, కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఏది దేనిదో రాసి ఉంటుంది. వెనక వైపర్‌కి మామూలుగా 10 నుంచి 20 ఆంపియర్ల మధ్య ఉంటుంది. ఎంతది ఉంటే అంతదే వేయి, పెద్దది వేయకు, వెండికాగితం చుట్టడం లాంటి తెలివితేటలు అసలొద్దు. కొత్త ఫ్యూజు కూడా స్విచ్ వేయగానే పోయిందనుకో, డిక్కీ లోపల మోటారు ప్లగ్గు ఊడదీసి ఇంకో ఫ్యూజు వేసి చూడు. అప్పుడూ పోతే దారిలో ఎక్కడో వైరు ఒరుసుకుని రేకుకి తగులుతోంది. పోకపోతే తప్పు మోటారు వైపే ఉంది.

ఫ్యూజు బాగుంటే, ఇక నేను మొదట్నుంచీ చెబుతున్న చోటికి రా. డిక్కీ తలుపు తెరిస్తే పైన, కీలు పక్కన, పైకప్పు నుంచి తలుపులోకి వెళ్ళే మడతల రబ్బరు గొట్టం కనిపిస్తుంది. తలుపుకి వెళ్ళే వైర్లన్నీ అందులోంచే వెళ్తాయి. డిక్కీ తెరిచిన ప్రతిసారీ అవి వంగుతాయి, మూసిన ప్రతిసారీ చాపుకుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ పైతొడుగు గట్టిపడుతుంది, లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైకి చూస్తే వైరు బాగానే ఉంటుంది, అదే దాని మోసం. నంబరు ప్లేటు దీపం, వెనక అద్దం మీది వేడి గీతలు, డిక్కీ తాళం, పైనుండే బ్రేకు లైటు, వీటిలో ఏదైనా ఈమధ్య అప్పుడప్పుడూ మొరాయిస్తోందా? అయితే ఇంకెక్కడా వెతక్కు. నంబరు ప్లేటు దీపం వేసి ఉంచి డిక్కీ తలుపుని పైకీ కిందికీ ఊపినా దొరికిపోతుంది.

గొట్టం అంచులు రెండు వైపులా ఊడదీసి జరిపి, ఒక్కో వైరునీ రెండు వేళ్ళతో మెల్లగా లాగు. తెగినది రబ్బరులా సాగుతుంది, లేదా చేతికి ఊడొస్తుంది. ఒకటి తెగిందంటే పక్కవీ ఇవాళో రేపో తెగుతాయి, అన్నీ చూడు. అతుకు వేసే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయి. తెగిన చోటే మెలిపెట్టి టేపు చుట్టవద్దు, టంకం కూడా అక్కడ పెట్టవద్దు. టంకం పెట్టిన చోట వైరు పుల్లలా బిగుస్తుంది, మళ్ళీ దాని పక్కనే విరుగుతుంది. వంగే భాగమంతా కోసేసి, అదే మందంలో సన్న పోగులున్న మెత్తటి వైరు వేసి, అతుకులు గొట్టం దాటాక రెండు వైపులా పెట్టు. అతుకులన్నీ ఒకేచోట వస్తే ముద్దలా అవుతుంది, కాస్త ముందూ వెనకా పెట్టు. ఒకటి పూర్తి చేశాకే ఇంకొకటి కోయి. అన్నీ కోసి కూర్చుంటే ఏ రంగు ఎక్కడిదో బ్రహ్మకి కూడా తెలియదు.

అక్కడ వైర్లన్నీ బాగున్నాయంటేనే అట్ట ఊడదీయి. స్క్రూలు చేతిపట్టు గుంటలో దాక్కుని ఉంటాయి, మిగతావి క్లిప్పులు. ఒకటీ రెండూ విరుగుతాయి, బాధపడకు. పైకప్పు స్తంభాల వైపు పసుపురంగు ప్లగ్గు కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు, అది ఎయిర్‌బ్యాగుది.

మోటారు ప్లగ్గు దగ్గర పరీక్షకి మల్టీమీటరు కంటే పాతకాలపు టెస్ట్ ల్యాంపే మేలు, అంటే ఒక కొస వైరుకి పొడిచి రెండో కొస రేకుకి తగిలిస్తే కరెంటున్నప్పుడు వెలిగే చిన్న బల్బు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, నిన్ను మభ్యపెడుతుంది. ల్యాంపు అయితే మినుకుమినుకుమంటుంది. డిక్కీ తెరిచి ఉంటే కరెంటు రాని కారు అయితే, తాళం కొక్కాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు చెయ్యి. పని అయ్యాక డిక్కీ బటను నొక్కి కొక్కాన్ని మళ్ళీ తెరవడం మరిచిపోకు. అలాగే తలుపు బాదితే తాళం వంగిపోతుంది. నేను బాదాను, అందుకే చెబుతున్నా. ప్లగ్గులో ఒకటి ఎర్త్, ఒకటి స్విచ్ నుంచి వచ్చేది. చాలా కార్లలో ఎప్పుడూ కరెంటు ఉండేది ఇంకొకటి ఉంటుంది, స్విచ్ కట్టేశాక బ్లేడుని దాని చోటికి తెచ్చి పెట్టేది అదే. ల్యాంపు కరెంటు వైర్ల దగ్గర వెలిగినా మోటారు తిరగలేదంటే, ల్యాంపు రెండో కొసని కరెంటున్న చోట తగిలించి ఎర్త్ వైరుని పొడిచి చూడు. వెలగకపోతే ఎర్త్ లేదు. తలుపు రేకుకి బిగించిన ఎర్త్ బోల్టు విప్పి తుప్పు గీకి బిగించు.

ఇవన్నీ చూశాక, కరెంటూ ఎర్తూ రెండూ ఉండి, ఇరుసు బిగుసుకోకుండా ఉండి కూడా తిరగకపోతే అప్పుడు మీ మెకానిక్కు మాట నిజం. కొత్త మోటారు బిగించాక ముందు చెయ్యి పెట్టకుండానే ఒకసారి తిప్పి ఆపు. అది తన చోట ఆగాక టేపు గుర్తు చూసి చెయ్యి పెట్టు.

ఆదివారం గొట్టం జరిపి చూశాక ఫోను చెయ్యి. తెగిన వైరు ఏ రంగుదో, ఎంత మందంగా ఉందో చెప్పు. కోసే పని అప్పటిదాకా మొదలుపెట్టకు.

మీ మామయ్య