చెట్టు కింద టేబుళ్లు వేస్తే సిగరెట్ కాల్చనివ్వచ్చా?

ప్రశ్న: కొంపల్లి దగ్గర చిన్న కాఫీ షాపు నడుపుతున్నాను. లోపల 24 మందికి, బయట వేపచెట్టు కింద 18 మందికి కుర్చీలున్నాయి. సాయంత్రమైతే కుర్రాళ్లు బయట కూర్చుని టీతో పాటు సిగరెట్ వెలిగిస్తారు. మొన్న పిల్లాడితో వచ్చిన ఒకావిడ గొడవపడి, ఫిర్యాదు చేస్తానని చెప్పి వెళ్లారు. పైకప్పు లేని చోటికి చట్టం వర్తించదని మా బావమరిది అంటున్నాడు. అక్కడ ‘స్మోకింగ్ జోన్’ అని బోర్డు పెట్టేస్తే సరిపోతుందా?

జవాబు: మీ బావమరిది చట్టం సగం చదివారు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, వాడుకలో కోట్పా, 4వ సెక్షన్ కింద బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. బహిరంగ ప్రదేశం అంటే ఏమిటో చెబుతూ రెస్టారెంట్లను పేరుపెట్టి చేర్చింది. ‘ఖాళీ స్థలం దీని కిందికి రాదు’ అన్న మాట కూడా అందులోనే ఉంది. ఆయన పట్టుకున్నది దాన్నే.

మిగతా సగం ఈ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం చేసిన, 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నియమాల్లో ఉంది. స్టేడియం, రైల్వే స్టేషన్, బస్టాండు లాంటి జనం వచ్చిపోయే చోట్లను ఖాళీ స్థలంగా లెక్కించకూడదని అవి స్పష్టం చేశాయి. పనిచేసే చోట్లను కూడా బహిరంగ ప్రదేశాల్లో చేర్చాయి. మీ సర్వర్ కుర్రాడు రోజంతా ఆ చెట్టు కిందే తిరుగుతాడు కదా, అతనికి అది పనిచేసే చోటే.

నియమం చట్టాన్ని మించి పోకూడదని వాదించే వకీళ్లు ఉంటారు. కొట్టిపారేయాల్సిన వాదనేమీ కాదది. కానీ మీరు కుర్చీలు వేసి, ఆర్డరు తీసుకుని, బిల్లు వేసే చోటు రెస్టారెంటులో భాగం కాదని జడ్జిగారిని ఒప్పించడం కష్టం. రెండు వందల జరిమానా కోసం ఆ ప్రయోగం మీ ఖర్చుతో చేయమని నేను చెప్పను.

ఇక స్మోకింగ్ జోన్ సంగతి. 30 సీట్లు, అంతకు మించి ఉన్న రెస్టారెంట్లకు ఆ వెసులుబాటు ఉంది. బయటివి కలిపితే మీకు 42. అయితే బోర్డు తగిలిస్తే జోన్ అయిపోదు. నాలుగు వైపులా పూర్తి ఎత్తు గోడలు, దానంతటదే మూసుకునే తలుపు, పొగను నేరుగా బయటికి పంపే ఏర్పాటు ఉన్న ప్రత్యేక గది కావాలి. అది రాకపోకల ద్వారం దగ్గర ఉండకూడదు. లోపల టీ, సమోసా ఇవ్వకూడదు, పొగ తాగడానికి మాత్రమే వాడాలి. చెట్టు కింద ఇవన్నీ ఎలా కుదురుతాయి? మీ షాపుకు ఆ గది ఖర్చు గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. హుక్కా పెడితే గిరాకీ వస్తుందని ఎవరైనా చెప్పినా వినకండి. తెలంగాణ 2024లో హుక్కా పార్లర్లను నిషేధిస్తూ ఇదే చట్టాన్ని సవరించింది.

కాల్చినవాళ్లకు 200 రూపాయల దాకా జరిమానా ఉంటుంది. కర్ణాటక 2025లో దాన్ని వెయ్యికి పెంచింది. మీరు టెన్షన్ పడాల్సింది మాత్రం వేరే దాని గురించి. ఎవరైనా ఫిర్యాదు చేసినా యజమాని పట్టించుకోకపోతే, ఎంతమంది కాల్చారో అన్ని జరిమానాలు యజమానే కట్టాలి. ఆవిడ మీతో గొడవపడ్డారంటే ఆ ఫిర్యాదు మీకు అందినట్టే.

కాబట్టి ముందు టేబుళ్ల మీద యాష్‌ట్రేలు, కౌంటర్ పక్కన వేలాడదీసిన లైటర్ ఉంటే తీసేయండి, వాటిని ఇవ్వడమే నియమాలకు విరుద్ధం. ‘ఇక్కడ పొగ తాగడం నేరం’ అన్న బోర్డు కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుతో, తెల్లటి నేపథ్యం మీద, ప్రవేశం దగ్గర పెట్టండి. ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు, ఫోన్ నంబరు రాయాలి. మీ బావమరిది పేరే రాయండి, మిగతా సగం కూడా చదువుతారు. వద్దన్నా వినని వాళ్లకు వడ్డించడం ఆపేయమని సర్వర్లకు చెప్పండి. అధికారి వచ్చి జరిమానా వేస్తే కట్టేసి రసీదు తీసుకోండి. కట్టకపోతే వ్యవహారం మేజిస్ట్రేటు దాకా వెళ్లవచ్చు.

గేటు బయట రోడ్డు మీద నిలబడి కాల్చేవాళ్ల బాధ్యత మీది కాదు. కాకపోతే అక్కడా మీ సర్వీసు నడుస్తోందన్న మాట రాకుండా, గేటు దాటించి టీ మాత్రం పంపకండి.