కట్ట తెగితే వచ్చే వరదకు లెక్క కడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

ఆ ప్రాజెక్టు కట్ట తెగితే కిందికి ఎంత వరద వస్తుందో లెక్క కట్టే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత గర్వపడ్డానో, ఆ రాత్రి అంత దిగులుపడ్డాను. ఏ ఊరు ఎప్పుడు ఖాళీ చేయించాలో నువ్విచ్చే కాగితం చూసే తేలుస్తారు తల్లీ.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. మట్టానికి ఎంత నిల్వో చెప్పే పట్టిక, పూడిక కొలిచాక వేసిందే తీసుకో. గండిలోంచి వచ్చే గరిష్ఠ ప్రవాహానికి ఫ్రోలిక్ సూత్రం ఒక్కటే నమ్ముకోకు, ఇంకో రెండు పద్ధతులతో సరిచూడు. గండి వెడల్పునూ, తెగడానికి పట్టే సమయాన్నీ మార్చి మార్చి చూడు.

ఇక నా అసలు భయం. మిగులు నీటిని కిందికి వదిలే స్పిల్‌వేకు డిజైనులో రాసిపెట్టిన వరదే వస్తుంది, గేట్లన్నీ లేస్తాయి అని మొదలుపెట్టే లెక్క ఒకటుంది. ఎన్ని ఫైళ్లలో చూశానో! 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు-2 ఆనకట్ట తెగింది. స్పిల్‌వేను 2 లక్షల క్యూసెక్కులకు కట్టారు. వచ్చిన వరద దానికి దాదాపు మూడింతలు. పైగా మూడు గేట్లు లేవలేదు. నడుమనున్న రాతి స్పిల్‌వే నిలిచింది, రెండు పక్కలా మట్టికట్టల మీంచి నీరు పొర్లి అవి కొట్టుకుపోయాయి. దిగువన మోర్బీ పట్టణం మునిగింది. ఎందరు పోయారో ఇప్పటికీ ఒక్క లెక్క లేదు.

సరే, అది పాతకాలం అనుకుందామా? 2021 నవంబరు 19 తెల్లవారుజామున మన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టుకు జరిగిందేమిటి? ఎగువన పింఛా కట్ట తెగి ఆ నీళ్లూ వచ్చి పడ్డాయి. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. స్పిల్‌వే వదలగలిగింది 2.17 లక్షల క్యూసెక్కులు, వచ్చింది 3 లక్షల పైమాటే. మట్టికట్ట పోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వాళ్లను అడుగు, రెండు టీఎంసీల పైచిలుకు జలాశయం చిన్నదో పెద్దదో చెబుతారు. 2009 అక్టోబరులో శ్రీశైలంలో నీరు 885 అడుగుల పూర్తి మట్టం దాటి 896కు ఎక్కినా ఆ రాతి ఆనకట్ట తట్టుకుంది. మట్టికట్టకు అంత ఓర్పు ఉండదమ్మా.

కాబట్టి ఒక గేటు బిగుసుకుపోయినట్టు ఒక లెక్క, ఎగువ చెరువులు తెగి వచ్చినట్టు ఒకటి, వానే లేనప్పుడు కట్టలో నీరు ఊరి తెగినట్టు ఇంకొకటి తప్పకుండా వెయ్యి. ‘అలా జరగదులే’ అని ఎవరన్నా సరే, తీసెయ్యకు.

ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కట్ట ఎత్తు డ్రాయింగులోంచి ఎత్తి రాస్తే మాత్రం ఊరుకోను. వెళ్లి ఈ చివర నుంచి ఆ చివరకు నడువు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక ముసలి లస్కరు, అంటే కట్టనూ గేట్లనూ చూసుకునే మనిషి, నన్ను కట్ట మీద నడిపిస్తూ, కుంగినచోట ఆగి కాలితో తట్టి చూపించేవాడు. లెవెల్ పెట్టి చూస్తే అక్కడ నిజంగా జానెడు తక్కువ. నీరు ముందు పొర్లేది అక్కడే. పొర్లే లోతు రెట్టింపైతే ప్రవాహం 2.8 రెట్లవుతుంది కదా, ఇక ఆ జానెడు ఎంత పని చేస్తుందో చూసుకో. ఏ గేటు మొరాయిస్తుందో, కరెంటు పోతే జనరేటరులో డీజిలు ఉంటుందో లేదో కూడా లస్కరునే అడుగు. ఆయనతో మర్యాదగా మాట్లాడు.

రిపోర్టు మొదటి పేజీలో క్యూసెక్కులు వద్దు. ఊరిపేరు, మొదటి నీళ్లు తాకే సమయం, బయటికెళ్లే దారి మునిగే సమయం, ఈ మూడూ పెట్టు. కట్ట రాత్రి రెండింటికి తెగిందనుకుని రాయి. చీకట్లో ముసలివాళ్లను లేపి, గొడ్లను విప్పి, మెరక చేరేందుకు ఎంత వ్యవధి మిగులుతుందో సర్పంచికి చదవగానే తెలియాలి.

ఎండనపడి వేళకు తినడం మానకు, నీ సంగతి నాకు తెలుసు. వాగులో దిగేటప్పుడు తోడు లేకుండా దిగకు. వాగు అడ్డకొలతలు, అదే క్రాస్ సెక్షన్లు, రాగానే పంపు, ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య