హాస్పిటల్‌ది తప్పనిపిస్తే ముందు కేస్ షీట్ చేతికి తెచ్చుకోండి

మీ బావగారికి బెంగళూరులో హెర్నియా ఆపరేషన్ అయ్యాక కుట్ల దగ్గర చీము పట్టింది, మళ్లీ కోయాల్సి వచ్చింది. రికార్డులు అడిగితే "అన్నీ డిశ్చార్జ్ సమ్మరీలోనే ఉన్నాయి" అని పంపించేస్తున్నారు. మీరుండేది అనంతపురం, కేసు ఎక్కడ వేయాలి అని అడిగారు. కేసు సంగతి తర్వాత. ముందు కేస్ షీట్, అంటే హాస్పిటల్‌లో ఉన్నన్నాళ్లూ డాక్టర్లు, నర్సులు రాసిన రికార్డు, మొత్తం సంపాదించండి.

మాది హిందూపురం. 2021లో మా అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే బెంగళూరులోనే ల్యాప్రోస్కోపీ (చిన్న కన్నాలు పెట్టి చేసే ఆపరేషన్) చేయించాం. డిశ్చార్జ్ రోజు అమ్మకి చీర కుచ్చిళ్లు దోపుకోవడం కూడా కుదరలేదు, పొట్ట అంత బిగిసిపోయింది. గ్యాస్ అన్నారు, సిరప్ రాసిచ్చారు. ఇంటికొచ్చిన నాలుగో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి. ఇంకో హాస్పిటల్‌కి తీసుకెళ్తే, పైత్యరసం వెళ్లే గొట్టం తెగి, పైత్యం కడుపులోకి కారుతోందన్నారు. రెండో ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది.

ఆ కోపంలో మా బాబాయి కొడుకు మొదటి హాస్పిటల్‌కి వెళ్లి రిసెప్షన్ అద్దం పగలగొట్టాడు. హాస్పిటళ్ల మీద దాడులకని కర్ణాటకలో 2009 నుంచీ ప్రత్యేకంగా చట్టం ఉంది. అమ్మ ఐసీయూలో ఉంటే, మేం వాడి కోసం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగాం. మీ ఇంట్లోనూ అలాంటి కుర్రాడు ఒకడుంటే వాణ్ణి మాత్రం బెంగళూరు తీసుకెళ్లకండి.

నోటితో అడిగితే ఎవరూ ఇవ్వరు. ఉత్తరం రాయండి: పేరు, ఐపీ నంబరు (అడ్మిట్ అయినప్పుడు ఇచ్చే ఇన్‌పేషెంట్ నంబరు), అడ్మిషన్ తేదీలు, "పూర్తి కేస్ షీట్, నర్సుల నోట్స్, జ్వరం చార్ట్, ఆపరేషన్ నోట్స్, కన్సెంట్ పత్రాలు కావాలి" అని. బావగారి సంతకం పెట్టించి, కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయనంటే స్పీడ్ పోస్టులో పంపండి. భారత మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం పేషెంట్ అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డుల్ని మూడేళ్లు దాచాలి. ఆ 72 గంటల మాట ఉత్తరంలోనే రాశాం. మాకు తొమ్మిదో రోజు ఇచ్చారు.

ఇచ్చిన జిరాక్సుల్లో 41వ పేజీ తర్వాత 44 ఉంది. ఇంటికొచ్చి చూసుకున్నాం, కౌంటర్ దగ్గర లెక్కపెట్టలేదు. ఆ రెండు పేజీలు తర్వాత మేం కేసు వేసిన వినియోగదారుల కమిషన్ అడిగితే తెచ్చిపెట్టారు. రాత్రి 2:10కి నర్సు రాసిన మాట అందులో ఉంది: నొప్పి తగ్గలేదు, పొట్ట ఉబ్బింది, డ్యూటీ డాక్టర్‌కి తెలియజేశాను అని. పొద్దున డాక్టర్ రాసిన పేజీలో "ఇబ్బందేమీ లేదు, డిశ్చార్జ్ చేయవచ్చు" అని ఉంది. మా కేసు నిలబడింది ఆ రెండు వాక్యాల మధ్య తేడా మీదే. గొట్టం తెగడం ఈ ఆపరేషన్‌లో తెలిసిన ప్రమాదమే, మంచి డాక్టర్ చేతిలోనూ జరగొచ్చు. పొట్ట ఉబ్బిన మనిషికి ఒక స్కాన్ కూడా తీయకుండా ఇంటికి పంపడం వేరే సంగతి. మీకూ అంతే. చీము పట్టడం ఒక్కటే నిర్లక్ష్యం కిందికి రాదు. జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎవరు చూశారు, ఏం చేశారు అన్నది చార్టులో వెతకండి.

ఇక ఎక్కడికి వెళ్లాలి. డబ్బు రావాలంటే వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరుండే ఊళ్లోనే వేయొచ్చు, కాబట్టి అనంతపురంలోనే వేయండి. మేం అప్పటికే బెంగళూరులో కాపురం కాబట్టి ఇక్కడ వేశాం. హాస్పిటల్‌కి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. డాక్టర్ రిజిస్ట్రేషన్ మీద చర్య కావాలంటే కర్ణాటక మెడికల్ కౌన్సిల్. వాళ్లు హెచ్చరించగలరు, కొన్నాళ్లు డాక్టర్ల రిజిస్టర్ నుంచి పేరు తీసేయగలరు, మీకు పైసా ఇప్పించలేరు. పోలీసుల దగ్గరికి ముందే పరిగెత్తొద్దు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, క్రిమినల్ కేసుకి మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం కనిపించాలి.

"ఇంకో డాక్టర్ సాక్ష్యం చెప్పకపోతే కేసు గెలవదు" అని మీకు చాలామంది చెప్తారు. రెండో ఆపరేషన్ చేసిన సర్జన్ మాకు నోట్స్‌లో ఉన్నదున్నట్టు రాసిచ్చాడు గానీ, "నన్ను కోర్టుకి మాత్రం లాగకండి" అన్నాడు. అప్పుడు పనికొచ్చింది హైదరాబాద్ మనిషి కేసు. వి. కిషన్‌రావు మలేరియా విభాగంలో అధికారి, ఆయన భార్యకే మలేరియాని టైఫాయిడ్ అనుకుని వైద్యం చేశారు, ఆవిడ చనిపోయింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు ఆయన కేసులోనే చెప్పింది. ఆయనకి వచ్చింది 2 లక్షలు.

మా మొదటి లాయరేమో, తప్పు వైద్యంతో చనిపోయిన అనురాధా సాహా కేసు చూపించి కోట్లు అడుగుదాం అన్నాడు. 2013లో సుప్రీంకోర్టు దాదాపు 6 కోట్లు ఇప్పించిన మాట నిజమే. ఆవిడ పోయింది 1998లో, భర్త తనే డాక్టరు, పదిహేనేళ్లు పట్టు వదల్లేదు. ఆ లాయర్ని మార్చేసి, రెండో ఆపరేషన్ బిల్లూ, అమ్మ టైలరింగ్ షాపు మూతపడ్డ ఏడు నెలల నష్టమూ లెక్కగట్టి అడిగాం. కౌన్సిల్‌లో కూడా వేశాం, హెచ్చరికతో సరిపెట్టారు. కమిషన్ ఆర్డర్ రావడానికి మూడేళ్లు పట్టింది. బిల్లు మొత్తం ఇమ్మంది, షాపు నష్టంలో సగం ఒప్పుకుంది. హాస్పిటల్ అప్పీలుకి వెళ్లింది. అప్పీలు చేయాలంటే ఆర్డర్‌లో ఉన్న డబ్బులో సగం ముందే కట్టాలి కాబట్టి, వాళ్లు అది కట్టారు. వాయిదాలు నడుస్తున్నాయి.

ఈలోపు బావగారి గాయం ఫోటో రోజూ తీసి పెట్టుకోండి, మందుల బిల్లులు పారేయకండి. ఉత్తరం రాయడం దగ్గర ఆగిపోతే అడగండి, మేం ఇచ్చిన దాంట్లో పేర్లు తీసేసి ఇక్కడే పెడతాను.