మొదటి సగంలో దాచుకో బిడ్డా

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు దీవెనలు.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు ఫుల్‌లో పేరు ఇచ్చావని విన్నాక సంతోషం పట్టలేకపోతున్నాను. హాఫ్‌లు బాగానే పూర్తిచేశావు. అయితే 42 కిలోమీటర్లంటే రెండు హాఫ్‌లు కలిపి పరుగెత్తడం అనుకోకు. కండరాల్లో, కాలేయంలో ఉన్న గ్లైకోజెన్ అనే శక్తి నిల్వ చాలామందికి 30 కిలోమీటర్లు దాటేసరికి అడుగంటుతుంది. మొదట్లో దుబారా చేస్తే ఇంకా ముందే అయిపోతుంది.

బడిలో పిల్లలకు పరుగు నేర్పినన్నాళ్ళూ నేను అమెరికాలోని బోస్టన్ మారథాన్ ముచ్చట్లే ఎక్కువ చెప్పేవాణ్ణి. 1897లో 15 మందితో మొదలైన పరుగు అది. ఆ దారిలో మొదట చాలా దూరం పల్లమే. కాళ్ళు వాటంతటవే ఉరుకుతాయి, అదంతా మన సత్తా అనిపిస్తుంది. 26 కిలోమీటర్ల దగ్గర న్యూటన్ అనే ఊరి ఎత్తులు మొదలవుతాయి. చివరిది, గట్టిది, దాదాపు 33వ కిలోమీటరులో వస్తుంది.

1936లో ఎలిసన్ బ్రౌన్ చాలా ముందుకు వెళ్ళిపోతే, అంతకుముందు ఏడాది గెలిచిన జానీ కెల్లీ ఆ ఎత్తుల్లోనే అతన్ని అందుకున్నాడు. దాటిపోతూ భుజం తట్టాడు. బ్రౌన్‌కు పౌరుషం వచ్చి మళ్ళీ ముందుకు దూసుకుపోయి గెలిచాడు. కెల్లీ ఐదో స్థానానికి పడిపోయాడు. దాన్ని చూసిన జెర్రీ నేసన్ అనే విలేకరి రాతలతోనే ఆ చివరి ఎత్తుకు హార్ట్‌బ్రేక్ హిల్, అంటే గుండె పగిలే కొండ, అనే పేరు స్థిరపడింది. భుజం తట్టడమే కెల్లీ కొంప ముంచిందని అందరూ అంటారు. నాకు మాత్రం వేరేగా తోస్తుంది. ఎత్తు మీద అంత దూరం పూడ్చుకు రావడానికే అతను ఉన్నదంతా ఖర్చుపెట్టేశాడు. అదే కెల్లీ 1945లో మళ్ళీ గెలిచాడు, 84 ఏళ్ళ వయసులో కూడా బోస్టన్‌లో పరుగెత్తాడు. ఒక్క ఓటమితో ఆగిన మనిషి కాదు.

హైదరాబాద్‌లోనూ నెక్లెస్ రోడ్డులో చల్లగా, చదునుగా మొదలవుతుంది. తర్వాత గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు వస్తూనే ఉంటాయి. మొదటి పది కిలోమీటర్లలో ఎవరెవరో నిన్ను దాటిపోతారు. పోనివ్వు. పక్కవాళ్ళతో మాట్లాడుతూ పోగలిగితే నీ వేగం సరిగ్గా ఉన్నట్టు.

నువ్వు రోజూ భద్రకాళి బండ్ మీదే పరుగెత్తుతున్నావట. అది చదును, ఒక్కటే చాలదు. వారానికి ఒకసారి కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కి దిగు. లాంగ్ రన్‌కు ముందు కాదు, కాళ్ళు బరువెక్కాక చివర్లో. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేసి, నడుము వంచకుండా చేతులు ఆడించు. దిగేటప్పుడు మడమలు దబదబా కొట్టకు, మోకాళ్ళు అక్కడే పాడవుతాయి. తెల్లవారుజామున కుక్కలు ఉంటాయి, ఒంటరిగా పోకు.

షూ సంగతి. 1966లో బాబీ గిబ్ అనే అమ్మాయి బోస్టన్‌కు దరఖాస్తు పెడితే, ఆడవాళ్ళకు అంత దూరం పరుగెత్తే శక్తి లేదని తిప్పి పంపారు. ఆమె పొదల్లో దాక్కుని, పరుగు మొదలయ్యాక మగవాళ్ళ గుంపులో కలిసింది. గుర్తుపట్టకుండా వేసుకున్న హుడీలో ఉడికిపోతున్నా, బయటికి నెట్టేస్తారని విప్పడానికి భయపడింది. పక్కన పరుగెత్తుతున్న మగవాళ్ళే ‘మేమున్నాం, నెట్టనివ్వం’ అని ధైర్యమిచ్చారు. అంతా బాగానే సాగింది కానీ, కొత్తగా కొన్న మగపిల్లల షూ కరిచి పాదాలు బొబ్బలెక్కాయి, చివర్లో అడుగడుగూ నరకమైంది. అయినా 3 గంటల 21 నిమిషాల్లో ముగించింది. కాబట్టి కొత్త షూ ఇప్పుడే కొని జూలైకల్లా మెత్తబరుచుకో. ఆ రోజు వేసుకునే సాక్స్ కూడా పాతవే ఉండాలి.

ఆడపిల్ల రోడ్డు మీద ఉరకడమేంటని మీ నానమ్మ అంటోందని విన్నాను. బోస్టన్ వాళ్ళు ఆడవాళ్ళకు తలుపు తెరిచింది 1972లో. ఇప్పుడు మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆ పేరు చెప్పు, నానమ్మకు తెలుసు.

నీళ్ళ విషయంలో జాగ్రత్త. తాగకపోతే ప్రమాదమని అందరికీ తెలుసు, వట్టి నీళ్ళు అదే పనిగా తాగినా ప్రమాదమే. 2002లో బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. దాహమైనప్పుడు తాగు, మధ్యమధ్యలో ఓఆర్ఎస్ తీసుకో. ముందు రోజు రాత్రి అన్నం, పప్పుచారు చాలు. ఎవరు పిలిచినా బిర్యానీ వద్దు.

ఆఫీసు పనితో ప్రాక్టీస్ కుదరడం లేదని టెన్షన్ పడకు. 2018లో బోస్టన్ గెలిచిన యూకీ కవౌచి జపాన్‌లో ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ పరుగెత్తినవాడే. ఆ ఏడాది వాన, చలి, ఎదురుగాలి. ఆడవాళ్ళలో గెలిచిన డెస్ లిండెన్ మొదట్లో మానేద్దామనే అనుకుంది. ఎలాగూ మానేస్తున్నాను కదా అని, వెనకబడ్డ షలేన్ ఫ్లానగన్ కోసం ఆగి ఆమెను మళ్ళీ గుంపులోకి తెచ్చింది. ఆ తర్వాత తనే ముందుకొచ్చి గెలిచింది. ఆగస్టులో మనకూ వాన పడొచ్చు. ఆ రోజు నీ పక్కన ఎవరైనా తడబడితే ఒక మాట చెప్పు.

ఆదివారం పొద్దున ఐదింటికి ఫాతిమానగర్ బ్రిడ్జి దగ్గర ఉంటాను. వాచీ ఇంట్లో పెట్టి రా. వేగం నేను చూస్తాను. మీ అమ్మకు నేనే ఫోన్ చేసి చెప్తాను.

ఇట్లు,
మీ పెద్దబాపు,
హనుమకొండ