మ్యాప్ మూసేసి ముందు ఊగడం నేర్చుకోండి

మీరు అడిగింది ఇది. వయసు ముప్పై ఆరు, ఇన్నాళ్లూ ఫోన్‌లో తప్ప గేములు ఆడలేదు. తమ్ముడు వాడిన పీఎస్4 (టీవీకి తగిలించి గేములు ఆడే ప్లేస్టేషన్ 4) ఇంటికి వచ్చింది, దాంతోపాటు 2018లో వచ్చిన 'మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్' డిస్క్ కూడా. మొదటి మిషన్, అంటే ఆట అప్పజెప్పే మొదటి పని, ఎలాగో గట్టెక్కారు. ఆ తర్వాత ఊరంతా తెరుచుకునేసరికి మ్యాప్ నిండా గుర్తులు, మధ్యమధ్య దొంగతనాల మెసేజ్‌లు, గోడలకు గుద్దుకోవడాలు. టెన్షన్ పడి రెండు రోజులకే పక్కన పెట్టేశారు. ఈ వయసులో నా వల్ల అవుతుందా అని అడిగారు.

అవుతుంది. నాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. చిన్నప్పుడు చౌరస్తా దగ్గర గేమ్ పార్లర్‌లో పీఎస్2 మీద వేరేవాళ్లు స్పైడర్‌మ్యాన్ ఆడుతుంటే వెనక నిలబడి గంటలు గంటలు చూశాను. కౌంటర్ దగ్గర ఇచ్చే డబ్బులు లేవు. ముప్పై నాలుగో ఏట మా అక్క కొడుకు తన పీఎస్4 నాకిచ్చి చదువుకోవడానికి హైదరాబాద్ వెళ్లాడు. కంట్రోలర్ నిజంగా చేతిలోకి రావడం అదే మొదటిసారి. మీరు ఎక్కడ ఆగిపోయారో నేనూ సరిగ్గా అక్కడే ఆగాను.

మీకు నేను చెప్పేది ఒక్కటే. మొదటి మిషన్, అంటే ఫిస్క్ టవర్ దాటేశారు కాబట్టి ఇక మూడు రోజులు ఏ మిషనూ ముట్టుకోకండి. మ్యాప్ తెరవకండి. దొంగతనం జరుగుతోందని మెసేజ్ వస్తే రానివ్వండి, మీరు వెళ్లకపోయినా కథకు ఏ నష్టమూ ఉండదు. ఆ మూడు రోజులూ మేడల మధ్య దారం పట్టుకుని ఊగడం ఒక్కటే చేయండి. ఈ ఆటను ఇన్సోమ్నియాక్ గేమ్స్ వాళ్లు తయారు చేశారు. అందులో అన్నిటికంటే ఎక్కువ ప్రాణం పెట్టింది ఊగడం మీదే అని నేను గట్టిగా నమ్ముతాను. అది చేతికి రాకుండా మిషన్లలోకి వెళ్తే ప్రతి మిషనూ బరువుగానే ఉంటుంది.

ఊగడం ఎలాగో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే గేమ్‌లో వచ్చే సూచనలు గబగబా వచ్చి వెళ్లిపోతాయి.

ఆర్2 (కంట్రోలర్ ముందు అంచున కుడివైపు కింది బటన్, ఎడమవైపు అలాంటిదే ఎల్2) నొక్కి పట్టుకుంటే దారం వెళ్లి దేనికో ఒకదానికి తగులుకుంటుంది. గాలిలో ఊరికే అతుక్కోదు, అక్కడ మేడో చెట్టో ఉండాలి. అందుకే నది మీదికి వెళ్లారంటే పట్టు దొరక్క నీళ్లలో పడతారు. ఆర్2 పట్టుకున్నంతసేపూ ఊగుతాడు, వదిలితే ఎగురుతాడు. నేను చాలా రోజులు పట్టుకోవడం మీదే ధ్యాస పెట్టాను. నేర్చుకోవాల్సింది ఎప్పుడు వదలాలన్నది. ఊపు బాగా కిందికి వచ్చినప్పుడు వదిలితే ముందుకు దూసుకుపోతాడు. ముందుకు వెళ్లి పైకి లేచినప్పుడు వదిలితే ఎత్తు వస్తుంది. వదిలేటప్పుడు ఎక్స్ కూడా నొక్కితే ఇంకాస్త తోపు దొరుకుతుంది. గాలిలో ఉన్నప్పుడు ఎక్స్ నొక్కితే దారం విసిరి తనను తాను ముందుకు లాక్కుంటాడు, దగ్గర్లో మేడలు లేనప్పుడు ఇది పనికొస్తుంది. ఎల్2, ఆర్2 కలిపి నొక్కితే ఎదురుగా కనిపించే మేడ అంచు మీదికి వెళ్లి వాలతాడు. సరిగ్గా వాలే క్షణంలో ఎక్స్ నొక్కితే ఆగకుండా అక్కడి నుంచి ఎగురుతాడు. ఈ చివరిది ఒకసారి అలవాటైతే వేళ్లు వాటంతట అవే చేస్తాయి.

మా మేనల్లుడు వెళ్లే ముందు రాత్రి నా పక్కన కూర్చుని నేర్పించాడు. నేను కంట్రోలర్‌ను మిర్చి బస్తా మూతి బిగించినట్టు పట్టుకునేవాణ్ణి. వాడు నా బొటనవేలు తీసి మెల్లగా స్టిక్ మీద పెట్టి, "మామా, నువ్వు ఆయన కాళ్ల దిక్కు చూస్తున్నవ్. కిందికి చూడకు. ముంగట ఏ బిల్డింగ్ ఉన్నదో దాన్ని చూడు" అన్నాడు. అప్పటిదాకా నేను రోడ్డు వైపే చూస్తున్నాను, పడిపోతానేమో అని. చూపు ముందున్న మేడల మీదికి మారిందో లేదో నా వేలు దానంతట అదే ఆర్2 వదిలింది, మళ్లీ పట్టుకుంది. వరసగా ఏడెనిమిది ఊపులు వెళ్లాను. ఎక్కడా తగల్లేదు. వాడు ఏం మాట్లాడలేదు, నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

ఇంకో సంగతి. ఈ గేమ్‌లో ఎంత ఎత్తు నుంచి పడినా దెబ్బ తగలదు. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కొస నుంచి దూకి రోడ్డు మీద పడినా లేచి నడుస్తాడు. ఇది మీకు ఎవరూ చెప్పి ఉండరు. మా ఊరి వ్యవసాయ బావిలో ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు బెండు కట్టేవాళ్లు. బెండు ఉందని తెలిసినా మొదటిసారి గట్టు మీద నిలబడితే కాళ్లు వణికేవి. రెండోసారి దూకాక భయం పోయి ఈత మీద మనసు పెట్టాను. ఇదీ అంతే. ముందు కావాలనే నాలుగైదుసార్లు పైనుంచి దూకి పడండి. భయం తీరుతుంది.

ఎక్కడ నేర్చుకోవాలన్నది కూడా ముఖ్యమే. ఆట జరిగేది న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్‌లో. అక్కడ మిడ్‌టౌన్‌లో మొదలుపెట్టండి. మేడలు ఎత్తుగా, దగ్గరదగ్గరగా ఉంటాయి, దారం ఎటు విసిరినా పట్టు దొరుకుతుంది. ఉత్తరాన హార్లెమ్‌లో మేడలు పొట్టివి, కాళ్లు రోడ్డుకు రాసుకుంటూ వెళ్తున్నట్టు ఉంటుంది. సెంట్రల్ పార్క్‌లో చెట్లే ఆధారం, ఊపు చిన్నది. ఈ రెండూ తర్వాత.

మ్యాప్ చూస్తే టెన్షన్ అన్నారు కదా. హన్మకొండలో మనల్ని ఎవరైనా దారి అడిగితే మ్యాప్ తీసి చూపించం. వేయిస్తంభాల గుడి దాటాక అనో, భద్రకాళి చెరువు కట్ట మీదుగా అనో, అదాలత్ దగ్గర ఎడమకు అనో చెప్తాం. మాన్‌హట్టన్ కూడా అలాగే తెలుస్తుంది. అది పొడుగ్గా, సన్నగా ఉన్న దీవి. రెండు పక్కలా నీళ్లు. పెద్ద రోడ్లు పొడుగునా వెళ్తాయి, అడ్డ రోడ్లు నదుల వైపు. మధ్యలో పెద్ద పచ్చటి పార్క్, దానికి దక్షిణాన మిడ్‌టౌన్, ఇంకా కిందికి వెళ్తే చివర్లో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. అవెంజర్స్ టవర్ ఒక ఆనవాలు, ఎంపైర్ స్టేట్ ఇంకో ఆనవాలు. వారం రోజుల్లో నాకు ఎక్కడున్నానో చూడగానే తెలిసేది. అప్పుడు మ్యాప్ తెరిస్తే అవే గుర్తులు బాకీల చిట్టాలా కనిపించలేదు, తెలిసిన వీధిలో ఇంకా చూడని ఇళ్లలా కనిపించాయి.

ఆ గుర్తుల్లో నిఘా టవర్లు ముందు పూర్తి చేయండి, చుట్టుపక్కల ఏమున్నాయో మ్యాప్‌లో తేలుతుంది. ఆ తర్వాత బ్యాక్‌ప్యాక్‌లు. పీటర్ పార్కర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) చదువుకునే రోజుల్లో గోడలకు దారంతో అతికించి మర్చిపోయిన సంచులు అవి, మొత్తం 55. ఒక్కోదానిలో ఒక పాత వస్తువు, దాని గురించి అతను చెప్పే రెండు మాటలు. ఫైట్ లేదు, టైమ్ లేదు. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి సాధన లేదు. ప్రతి సంచికీ టోకెన్ వస్తుంది, దాంతో కొత్త సూట్లు, గ్యాడ్జెట్లు చేసుకోవచ్చు. హోవర్డ్ అనే ముసలాయన పావురాలు 12 పట్టుకొచ్చే పని కూడా తర్వాత వస్తుంది, ఊగడం వచ్చాకే దాని జోలికి వెళ్లండి.

ఫైట్ల గురించి తక్కువే చెప్తాను. డిఫికల్టీ 'ఫ్రెండ్లీ'లో పెట్టుకోండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. తల చుట్టూ తెల్లటి గీతలు మెరిశాయంటే దెబ్బ వస్తోందని, వెంటనే సర్కిల్ నొక్కి తప్పించుకోండి. స్క్వేర్ నొక్కి పట్టుకుంటే శత్రువును గాలిలోకి లేపుతాడు, కింద గుంపు ఉన్నప్పుడు గాలిలో ఉండటమే మేలు. ఎల్1 నొక్కి పట్టుకుంటే గ్యాడ్జెట్ల చక్రం వస్తుంది, అప్పుడు టైమ్ నెమ్మదిస్తుంది. ఊపిరి పీల్చుకుని ఆలోచించుకోవడానికి నేను దాన్నే వాడతాను. కొట్టేకొద్దీ తెర మీద ఫోకస్ బార్ అనే గీత నిండుతుంది, అప్పుడు డైరెక్షన్ బటన్లలో కిందిది నొక్కితే ఆరోగ్యం వస్తుంది. ల్యాబ్‌లో వచ్చే సర్క్యూట్ పజిల్స్ విసుగనిపిస్తే సెట్టింగ్స్‌లో వాటిని దాటేసే ఆప్షన్ ఉంది. పీటర్ స్నేహితురాలు మేరీ జేన్‌గా దొంగచాటుగా నడిచే భాగాలు నాకు నచ్చలేదు, ఓపిక పట్టి దాటేయండి, అవి చిన్నవే.

ఇక నేను ఈ ఆటను ఎందుకు వదల్లేదో చెప్పాలి.

మా ఇంట్లో టీవీ ఒక్కటే. సీరియళ్లు అయ్యేదాకా అది అమ్మది. తొమ్మిదిన్నరకు నాకు దొరికేది. మొదట్లో అమ్మ లేచి పడుకోవడానికి వెళ్లిపోయేది. ఒకరోజు తలుపు దగ్గర ఆగి, "ఆ పిల్లగాడు ఎవరు, ఇల్లు ఖాళీ చేయమంటున్నరా?" అని అడిగింది. పీటర్ కిరాయి కట్టలేక గది పోగొట్టుకునే చోటు అది. మా నాన్న పోయిన ఏడాది మేమూ ఒక ఇల్లు అలాగే ఖాళీ చేశాం. అమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. అతనికి అమ్మానాన్నలు లేరని, మే అనే పిన్ని పెంచిందని, ఆమె నిలువనీడ లేనివాళ్లకు అన్నం పెట్టే చోట పని చేస్తుందని చెప్పాను. ఆ తర్వాత రోజూ కూర్చునేది. కథ అమ్మకు ఇంగ్లిష్‌లో అర్థం కాదు. కింద అక్షరాలు వచ్చినప్పుడల్లా ఆపి, నాకు అర్థమైనంత తెలుగులో చెప్పేవాణ్ణి. కొట్లాటలు వస్తే కళ్లు మూసుకునేది. "కొట్లాట అయ్యాక ఆ తోటకు తీస్కపో" అనేది. తోట అంటే సెంట్రల్ పార్క్. అక్కడ నేను ఊగేవాణ్ణి కాదు, నడిపించేవాణ్ణి. జనం దగ్గరికి వెళ్లి స్క్వేర్ నొక్కితే స్పైడర్‌మ్యాన్ వాళ్లను పలకరిస్తాడు. అమ్మ ఎవరిని పలకరించాలో వేలితో చూపించేది. "ఆ ముసలాయన్ను అడుగు." వెళ్లి పలకరించేవాణ్ణి. అరగంట అలా గడిచిపోయేది.

కథ ఒక్కటే ఆడితే పదిహేను నుంచి ఇరవై గంటల్లో అయిపోతుంది. మాకు మూడు నెలలు పట్టింది, అందులో మిర్చి సీజన్ కూడా ఉంది. ముగింపు గురించి ఏమీ చెప్పను. ఆ రాత్రి అమ్మ, నేను ఇద్దరం టీవీ కట్టేసి లైటు వేయకుండా కూర్చున్నాం. మీరు ఎవరి వీడియోలూ చూడకుండా అక్కడిదాకా వెళ్లండి, దయచేసి.

రెండు పనికొచ్చే మాటలు. మీది వాడిన పీఎస్4 కాబట్టి కంట్రోలర్ సరిగా ఉందో లేదో చూసుకోండి. స్టిక్‌లు వదిలేసి చేతులు తీసేయండి. అయినా అతను ఒక పక్కకు నడుస్తున్నా, కెమెరా మెల్లగా తిరుగుతున్నా స్టిక్ పాడైనట్టే. నేను బయట కొన్న రెండో కంట్రోలర్ అలాంటిదే వచ్చింది, కొత్తదేనని నమ్మి తీసుకున్నాను, అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు. దాని వల్ల నాకు ఊగడం రావట్లేదని వారం రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. మీరు గోడలకు గుద్దుకుంటున్నారంటే ముందు అది చూడండి. రెండోది, ఎండాకాలంలో కరెంటు పోతుంటుంది. గేమ్ తనంతట తానే సేవ్ అవుతుంది, అయినా మెనూలోకి వెళ్లి అప్పుడప్పుడూ మీరూ సేవ్ చేయండి. కరెంటు పోయి వచ్చాక పీఎస్4 ఆన్ చేస్తే స్టోరేజ్ చెక్ చేసుకుంటుంది, కంగారుపడి మధ్యలో ఆపేయకండి.

మార్కెట్ నుంచి వచ్చాక నేను చేతులకు కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడిగి, అప్పుడే కంట్రోలర్ ముట్టుకుంటాను, లేకపోతే మిర్చి ఘాటు స్టిక్‌ల రబ్బరుకు పట్టి తర్వాత కళ్లలోకి వస్తుంది. మీ పని ఏమిటో చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

ఇది అయ్యాక 2020లో వచ్చిన మైల్స్ మొరాలెస్ ఆట మీ పీఎస్4లోనే నడుస్తుంది, చిన్నది, ఊగడం ఇంకా బాగుంటుంది. 2023లో వచ్చిన రెండో భాగం మాత్రం పీఎస్4లో నడవదు, దాని గురించి ఇప్పుడే ఆలోచించకండి.

మూడు రోజులు ఊగాక ఎలా ఉందో ఇక్కడే రాయండి. ఎక్కడైనా ఆగిపోతే ఏ వీధిలో, ఏ బటన్ దగ్గర అన్నది కూడా రాయండి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత చూసి జవాబిస్తాను.