జాంగ్ వే అంటే ఏ జాంగ్ వే?

"చైనాలోని షెన్‌జెన్‌కు వచ్చి రెండు నెలలైంది. గుంటూరులోని మా బావగారి దుకాణానికి ఎల్‌ఈడీ దీపాలు కొని పంపే పని నాది. ఇక్కడి వాట్సాప్ లాంటి వీచాట్‌లో నాకు ముగ్గురు జాంగ్ వేలు ఉన్నారు. వారిలో ఒకరి విజిటింగ్ కార్డులోనూ ఇన్‌వాయిస్‌లోనూ కంపెనీ ఇంగ్లీషు పేరు ఒకటే. బ్యాంకు ఖాతా మాత్రం హాంకాంగ్‌లో ఉంది. అడ్వాన్సు పంపవచ్చా?" అని ఒక అబ్బాయి అడిగాడు.

ముందు ఆగండి. ఖాతా హాంకాంగ్‌లో ఉన్నంత మాత్రాన మోసమని నేను అనను. ఇక్కడి చాలా కర్మాగారాలవాళ్ళు డాలర్లు తీసుకోవడానికి అక్కడొక కంపెనీ పెట్టుకుంటారు. నన్ను కలవరపెట్టింది మీరు ధీమాగా రాసిన మాట, "ఇంగ్లీషు పేరు ఒకటే" అన్నది. చైనాలో కంపెనీకి చట్టం గుర్తించే పేరు చైనా అక్షరాల్లో ఉన్నదే. ఇంగ్లీషు పేరు వాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్నది. పక్క ఊరివాడూ అదే పెట్టుకోవచ్చు.

మనుషుల సంగతి మొదట చూద్దాం. మనకు ఇంటిపేర్లు వేలకు వేలు, పిలిచే పేర్లు మాత్రం కొన్నే. అందుకే వీధికి నలుగురు శ్రీనివాసరావులున్నా ఇంటిపేరుతో గట్టెక్కుతాం. చైనావాళ్ళది సరిగ్గా దీనికి తలకిందులు. వాంగ్, లీ, జాంగ్, ల్యూ, చెన్ అనే ఐదు ఇంటిపేర్లలోనే దేశంలో నూటికి ముప్పైమంది ఇమిడిపోతారు. పోలీసు శాఖ లెక్కల్లో జాంగ్ వేలే 2,90,000కు పైగా ఉన్నారు. వీళ్ళందరూ రాసేది కూడా అవే రెండు అక్షరాలు. అదే పలుకును వేరే అక్షరాలతో రాసేవాళ్ళు ఈ లెక్కలోకి రానే రారు.

ఇంగ్లీషు లిపిలో 'వే' అని కనబడేది ఒక్కటే. అక్షరాల్లో చూస్తే ఒకరి పేరుకు గొప్పవాడని అర్థం, ఇంకొకరిది ప్రతాపం, మరొకరిది ఎత్తైన కొండ, ఆడపిల్ల అయితే ఒక మొక్క పేరు. స్వరం, అంటే పలికేటప్పుడు గొంతు ఎత్తే దించే తీరు, కూడా అన్నింటికీ ఒకటి కాదు, కానీ ఇంగ్లీషులో రాసేసరికి ఆ తేడా ఎగిరిపోతుంది. జాంగ్ సంగతీ అంతే, ఆ పలుకుతో ఎక్కువగా కనబడే ఇంటిపేర్లు రెండున్నాయి. పరిచయం చేసుకునేటప్పుడు వాళ్ళే "విల్లు, పొడవు జాంగ్" అనో "నిలబడు, పొద్దున జాంగ్" అనో చెబుతారు. ఆ అక్షరంలోని ముక్కలను విడదీసి చెప్పడమన్నమాట. లీ అయితే "చెట్టు, బిడ్డ", చెన్ అయితే "చెవి, తూర్పు". నాకు ఈ అలవాటు ఎంత నచ్చిందో చెప్పలేను. వచ్చిన కొత్తలో వాంగ్ ఎవరో, హువాంగ్ ఎవరో తెలియక తికమకపడిన నన్ను ఒడ్డున పడేసింది ఇదే. మీరూ మొహమాటపడకుండా "ఏ జాంగ్?" అని అడగండి. అరచేతిలో వేలితో గీసి చూపిస్తారు, నొచ్చుకోరు.

ఆఫీసులో అయితే పెద్ద శ్రీను, చిన్న శ్రీను అన్నట్టు లావో వాంగ్, షియావో వాంగ్ అంటారు. ఇంజినీరైతే వాంగ్ గోంగ్, యజమాని అయితే వాంగ్ జోంగ్. యజమానిని పొరపాటున షియావో అన్నారో, ఆ రోజు బేరం తెగదు. ఫోనులో ఆ ముగ్గురి పేర్ల పక్కన ఇవాళే ఊరు, కంపెనీ, హోదా రాసుకోండి. వీచాట్‌లో డబ్బు పంపేటప్పుడు అసలు పేరులో చివరి అక్షరం మాత్రమే కనబడుతుంది. ఆ ముగ్గురిదీ ఒకటే 'వే' అక్షరం అయితే అది మీకేమీ చెప్పదు.

ఇక కంపెనీలు. చైనా కంపెనీ పేరులో నాలుగు ముక్కలుంటాయి: ఊరు, సొంత పేరు, వ్యాపారం, చివర కంపెనీ తరహా. ఒకే రిజిస్ట్రేషన్ కార్యాలయం పరిధిలో, ఒకే రకం వ్యాపారంలో రెండు ఒకేలా ఉండకూడదన్నదే నియమం. ఊరు మారితే సొంత పేరు మళ్ళీ పుట్టవచ్చు. శరత్కాల పండుగకు చంద్రుడి కేకులు కొనబోతే దావోషియాంగ్‌ట్సున్ అన్న బోర్డు కనబడుతుంది, వరి పరిమళాల పల్లె అని అర్థం. అదే పేరుతో బీజింగ్‌లో ఒక కంపెనీ, సుజౌలో ఇంకొకటి ఉన్నాయి. ఏళ్ళ తరబడి కోర్టుల్లో తగవులాడుకున్నాయి. 2018లో ఒక ఊరి కోర్టు ఒకరివైపు, రెండో ఊరి కోర్టు రెండోవారివైపు తీర్పు చెప్పాయి. (రెండూ తిన్నాను. తగవు పడేంత తేడా నా నాలుకకు తెలియలేదు.)

మనిషి పేరే కంపెనీ పేరైన కథ ఇంకా గమ్మత్తైనది. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ ఇంటిపేరును చైనావాళ్ళు చియావోదాన్ అని రాస్తారు. ఫుజియాన్ రాష్ట్రంలో బూట్లు చేసే ఒక కంపెనీ పేరూ అదే. ఆయన కోర్టుకెక్కాడు. 2016 డిసెంబరులో సుప్రీం పీపుల్స్ కోర్టు చైనా అక్షరాల్లో ఉన్న ట్రేడ్‌మార్కుల విషయంలో ఆయన పక్షాన నిలిచింది, ఇంగ్లీషు లిపిలో ఉన్నవాటిని కంపెనీకే వదిలేసింది. 2020 చివర షాంఘై కోర్టు ఆ పేరు కంపెనీ పేరులో ఉండరాదన్నాక, 2021లో వాళ్ళు పేరు మార్చుకున్నారు. అక్షరాలకూ ఇంగ్లీషు లిపికీ కోర్టు ఇంత తేడా చూపినప్పుడు, విజిటింగ్ కార్డు మీది ఇంగ్లీషును పట్టుకుని మనం డబ్బు పంపడం ఏం తెలివి?

నేను పంపాను, అందుకే చెబుతున్నాను. మొదటి ఏడాది షెన్‌జెన్‌లో ఒక కర్మాగారం చూసి, సరుకు నచ్చి, వారం తర్వాత ఇంటర్నెట్‌లో అదే ఇంగ్లీషు పేరు వెతికి దొరికిన చిరునామాకు ఆర్డరు పెట్టాను. నూటికి ముప్పై అడ్వాన్సు కూడా కట్టాను. సరుకు దిగాక గాని తెలియలేదు, అది పక్క ఊరు డాంగ్‌గ్వాన్‌లోని వేరే కంపెనీ అని. వాళ్ళు నన్ను మోసగించలేదు, తమకు వచ్చిన ఆర్డరుకు తమ సరుకు పంపారు. తప్పు నాది.

ఆ తర్వాత నేర్చుకున్నది అంకెలు చదవడం. ఇక్కడ మనిషి గుర్తింపు కార్డుకూ 18 స్థానాలు, కంపెనీకీ 18 స్థానాలే. కంపెనీలకు ఈ సంఖ్య 2015 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. వ్యాపార లైసెన్సు మీద ఉంటుంది, 'యింగ్‌యే జిజావో' అని అడగండి. 91తో మొదలైతే కంపెనీ, 92 అయితే ఒక మనిషి సొంతంగా నడిపే చిన్న వ్యాపారం. మూడో అంకె నుంచి ఎనిమిదో అంకె వరకు ఏ ప్రాంతంలో రిజిస్టరైందో చెబుతాయి. 4403 షెన్‌జెన్, 4419 డాంగ్‌గ్వాన్. నాకు ఆ రోజు ఈ రెండంకెల తేడా తెలిసి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి. ఒప్పందం మీద గుండ్రటి ఎర్ర ముద్ర, మధ్యలో నక్షత్రం ఉంటుంది. దాని చుట్టూ ఉన్న అక్షరాలను లైసెన్సులోని పేరుతో ఒక్కొక్కటిగా పోల్చండి. చదవడం రాకపోయినా బొమ్మలు పోల్చినట్టు పోల్చవచ్చు.

హాంకాంగ్ రిజిస్ట్రీ వేరు, చైనాలో ఆ పేరు ఎవరిదో అది చూడదు. కాబట్టి ఎవరైనా అక్కడ మీ కర్మాగారం పేరుతో కంపెనీ తెరవవచ్చు. కొద్దిపాటి రుసుము కడితే డైరెక్టర్ల పేర్లు చూడనిస్తారు. పైగా చైనా కంపెనీ తన ముద్ర వేసి, "ఫలానా హాంకాంగ్ కంపెనీ మాదే, డబ్బు మా తరఫున తీసుకుంటుంది" అని చైనా అక్షరాల్లో రాసి ఇవ్వాలి. నిజమైనవాళ్ళు ఒక పూటలో ఇస్తారు.

మీ పేరు సంగతి కూడా ఒకసారి చూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు మనలో బోలెడుమంది. నా పేరు బ్యాంకులో ఒక వరుసలో, రైలు టికెట్ల యాప్‌లో మరో వరుసలో పడి, కంప్యూటర్ లెక్కలో నేను ఇద్దరినయ్యాను. పాస్‌పోర్టులో ఏ వరుస ఉంటే, ఎక్కడ ఖాళీ ఉంటే, అన్నిచోట్లా అలాగే రాయించుకోండి.

లైసెన్సు ఫొటో తెప్పించుకున్నాక, మూడో అంకె నుంచి ఎనిమిదో అంకె వరకు చదివి నాకు చెప్పండి. ఏ ఊరో చూద్దాం.