ఎఫ్‌డీ రద్దు చేసి బోరు వేయించాలా?

ప్రశ్న: హైదరాబాద్ నాగోలులో 200 గజాల్లో మాకు సొంత ఇల్లు ఉంది. 400 అడుగుల పాత బోరు మార్చికల్లా ఎండిపోతోంది. నల్లా నీళ్లు చాలక వేసవిలో నాలుగు నెలలు, నెలకు ఎనిమిది ట్యాంకర్లు, ఒక్కోటి రూ.1,200 చొప్పున తెప్పిస్తున్నాం. పక్కింటివాళ్లకు 900 అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. మేమూ 1,000 అడుగుల బోరు వేయిద్దామనుకుంటున్నాం. మొదటి 300 అడుగులకు అడుగుకు రూ.110, ఆపైన ప్రతి వంద అడుగులకూ అడుగు రేటు రూ.10 చొప్పున పెంచుతామన్నారు. కేసింగుకు (బోరు గోడ కూలకుండా పైభాగంలో దింపే గొట్టానికి) రూ.24,000, మోటారు, పైపులు, కేబులుకు రూ.1,10,000 అవుతాయట. 7 శాతం వడ్డీ వచ్చే రూ.4 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీసేయవచ్చా?

జవాబు: తీయకండి, కనీసం ఇప్పుడే కాదు. మీరిచ్చిన రేట్లతోనే లెక్క వేశాను. డ్రిల్లింగుకే రూ.1,38,000, మిగతావన్నీ కలిపితే రూ.2,72,000. ట్యాంకర్లకు మీరు ఏటా పెడుతున్నది రూ.38,400. ఏడేళ్లలో ఖర్చు రాబట్టుకోవచ్చనిపిస్తుంది. అయితే ఆ డబ్బు ఎఫ్‌డీలో ఉంటే ఏటా రూ.19,000 వడ్డీ తెచ్చేది. ఆ వడ్డీని మినహాయిస్తే మీకు మిగిలేది ఏటా రూ.19,400 లోపే, అంటే ఖర్చు రాబట్టుకోవడానికి పద్నాలుగేళ్లు. లోతు బోరు మోటారుకయ్యే కరెంటు ఇందులో కలపలేదు. ట్యాంకరు ధర పెరుగుతుందన్నది నిజమే, కానీ మోటారు కాలిపోవడం కూడా అంతే నిజం.

ఇదంతా నీళ్లు పడితేనే. మన నగరం కింద ఉన్నది గ్రానైటు. నీళ్లుండేది రాతి పగుళ్లలోనే. ఆ పగులు పక్కింటి కింద ఉండి మీ ఇంటి కింద లేకపోవచ్చు. పడకపోతే డ్రిల్లింగు, కేసింగు కలిపి రూ.1,62,000 నేలపాలే. బోరు బండివాళ్లు అడుగుల లెక్కన తీసుకుంటారు తప్ప నీళ్ల లెక్కన కాదు. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడిందని పాయింటు పెట్టించుకునేకంటే, భూగర్భ జలాల నిపుణుడితో సర్వే చేయించడం మేలు. అదీ హామీ కాదు, కానీ ఆ ఫీజు డ్రిల్లింగు ఖర్చు ముందు చిన్నది.

డబ్బు కరిగేది ఎక్కువగా బండి నడుస్తున్నప్పుడే. ఆరు వందల అడుగులు దాటినా పొడి బూడిదరంగు రాతిపిండే ఎగజిమ్ముతుంటుంది, డ్రైవరు ‘ఇంకో వంద చూద్దామా’ అంటాడు, ఇంట్లో అందరూ మీ మొహం చూస్తారు. అప్పుడు ‘చాలు’ అనడం ఎవరి తరమూ కాదు. మీ రేట్ల ప్రకారం 600 అడుగులకు కేసింగుతో కలిపి రూ.96,000, అక్కడి నుంచి వెయ్యికి మరో రూ.66,000. ఎక్కడ ఆపాలో బండి రాకముందే నిర్ణయించి, కాగితం మీద రాసి కాంట్రాక్టరుకు ఇవ్వండి. జీఎస్టీ కలిపారో లేదో కూడా అందులోనే రాయించుకోండి.

అంతకంటే ముందు పాత బోరు చూపించండి. పూడిక చేరి ఉంటే ఫ్లషింగ్‌తో, అంటే గాలి ఒత్తిడితో పూడికను బయటికి తోయిస్తే, దారికి రావచ్చు. నీటిమట్టమే దిగిపోయి ఉంటే ఫ్లషింగ్ డబ్బు దండగ. వానాకాలంలోపు ఆ బోరు పక్కనే ఇంకుడు గుంత తీయించండి. నల్లాకు మీటరు పెట్టించి ఆధార్ అనుసంధానం చేయించారా? 2021లో మొదలైన పథకం కింద నెలకు 20,000 లీటర్లు ఉచితం.

ఇవన్నీ అయ్యాక కూడా కొత్త బోరే కావాలనుకుంటే, వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతికి మీసేవలో దరఖాస్తు చేయండి. ఎఫ్‌డీని రద్దు చేయకుండా దానిమీదే ఓవర్‌డ్రాఫ్టు, అంటే ఎఫ్‌డీ హామీగా కావలసినప్పుడు వాడుకునే అప్పు, అడగండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి, రెండు శాతం ఎక్కువ వేస్తారు, వాడుకున్న సొమ్ముకే. నీళ్లు పడితే ట్యాంకరు డబ్బును ఆ అప్పుకే కట్టండి. వ్యక్తిగత రుణం జోలికి మాత్రం వెళ్లకండి.